ఎడమ రెక్క పొట్టి ఆవ్రో

28 ఫిబ్రవరి, శుక్రవారం

ఈ డైరీ వైండింగ్ వైరు కంపెనీ వాళ్ళు కొత్త సంవత్సరానికి ఊరికే ఇచ్చింది. జనవరి అంతా తెల్లగా ఉంది. ఫిబ్రవరి కూడా నిన్నటిదాకా తెల్లగానే ఉంది. రాసుకునేంత కోపం నాకు రాలేదు. ఈరోజు వచ్చింది. కోపం నా దగ్గర ఎక్కువసేపు నిలవదు, ఒక చాయ్ తాగితే దిగిపోతుంది. ఈసారి దిగకూడదు. దిగినప్పుడల్లా చదువుకుని మళ్ళీ ఎక్కించుకోవడానికి రాసి పెడుతున్నాను.

నేను పదో తరగతి దాకా చదివిన బడిలో ఈరోజు సైన్స్ డే. హెడ్మాస్టర్ మహేశ్వర్ సారు వారం కిందట నా మోటార్ వైండింగ్ షాపుకొచ్చి, "ఐలేషన్నా, నీ విమానాలు ఒక్కరోజు బడిల పెడ్దాం, పిల్లలు చూస్తరు" అన్నాడు. ముప్పై ఏడేళ్ళుగా పోగేసిన నమూనాలు నలభై రెండు ఉన్నాయి. ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద దొరికినవి కొన్ని, జుమ్మేరాత్ బజార్‌లో తోక లేకుండా దొరికితే నేను తోక పెట్టినవి కొన్ని, ఈమధ్య ఫోన్లో తెప్పించినవి కొన్ని. ఒక్కొక్కటీ మా ఆవిడ సునంద పాత చీర ముక్కల్లో చుట్టి, ఆటోలో రెండు ట్రిప్పులు తీసుకెళ్ళాను. బెంచీల మీద వరసగా పెట్టాను. ఒక్కోదాని ముందు పేరు, ఎన్ని సీట్లు, ఎంత దూరం పోతుంది, అన్నీ అట్టముక్కల మీద రాసి పెట్టాను.

మైకులో ఎవరో "ఐలేష్ గారి బొమ్మల కొలువు" అన్నారు. అప్పుడే సర్దుకుని వచ్చేయాల్సింది.

మధ్యాహ్నం ముఖ్య అతిథి వచ్చాడు. రఘునందన్ అని, కొంగరకలాన్ దగ్గర ప్లాట్లు అమ్మే మనిషి. శాలువా ఉంది. దండ ఉంది. మెమెంటో లేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో చేయించిన గాజు మెమెంటో ఇంకా బస్సులోనే ఉందట. ఆయన శాలువా కప్పుకుని రెండు చేతులూ ముందుకు చాపి నిలబడ్డాడు. ఫోటో తీసే మనిషి ఒక కన్ను మూసి రెడీగా ఉన్నాడు. చాపిన చేతులను వట్టిగా దించుకొమ్మని చెప్పే ధైర్యం మా మండలంలో ఎవరికీ లేదు. ఒక టీచరు బెంచీల దగ్గరికి ఉరికి, చెక్క పీట మీద నిలబెట్టి ఉన్నదాన్ని, వార్నిష్ మెరుస్తున్న టేకు విమానాన్ని ఎత్తుకొచ్చాడు. అన్నిట్లోకీ మెమెంటో లాగా కనిపించింది అదొక్కటే.

మా ఆవ్రో.

రఘునందన్ దాన్ని ఫోటోలో తలకిందులుగా పట్టుకున్నాడు.

నా ఆవ్రో అని రాయాల్సింది, మా ఆవ్రో అని రాశాను. కొట్టేయను. అది నా దోస్తు పరశురాం చేసింది.

1 మార్చి, శనివారం

నేను చప్పట్లు కొట్టలేదు. ఈ సంగతి నిన్న రాయడం మర్చిపోయాను.

2 మార్చి, ఆదివారం

మూడింటికి వెళ్ళి పరశురాంను బండి మీద తెచ్చాను, ఎప్పటిలాగే. వడ్ల పరశురాం. నాలుగో తరగతి నుంచి నా పక్క బెంచీ. వాడికి కళ్ళు పోయి నాలుగేళ్ళు. షుగర్. అంతకుముందు ఇబ్రహీంపట్నంలో సగం ఇళ్ళ దర్వాజలు వాడు చేసినవే. ఇప్పుడు ఏ ఇంటికి తీసుకెళ్ళినా లోపలికి అడుగుపెట్టే ముందు దర్వాజ తడుముతాడు. "ఇది నాదే" అంటాడు. లేకపోతే "ఎవడ్రా దీన్ని చేసింది, చెక్కినోన్ని గిండ్లనే వేలాడదియ్యాలె" అంటాడు. ఇంటివాళ్ళు పక్కనే ఉంటారు.

ఆదివారం మా పద్ధతి ఒకటే. డాబా మీద రెండు కుర్చీలు. పడమటి గాలి ఉంటే శంషాబాద్‌లో దిగే విమానాలన్నీ మాకు ఉత్తరం పక్కగా కిందికి తగ్గుకుంటూ పోతాయి. చప్పుడు విని వాడు పేరు చెప్తాడు, నేను ఫోన్లో చూసి అవునో కాదో చెప్తాను. పదింటిలో ఎనిమిది కరెక్ట్. మిగిలిన రెండూ ఫోన్ తప్పని అంటాడు. ఆ రెండు గంటలూ ఆవ్రో వాడి ఒళ్ళో ఉంటుంది. ఎడమ పంకా ఒకసారి, కుడి పంకా ఒకసారి, వేలితో తిప్పుతూ కూర్చుంటాడు. కళ్ళున్నప్పుడు ఇలా లేదు. కళ్ళు పోయాక వాడు చేసిన వస్తువుల్లో చేతికి మొత్తంగా అందేది అదొక్కటే. దర్వాజను ఒళ్ళో పెట్టుకోలేడు కదా.

కూర్చోగానే చేయి చాపాడు.

"ఏదిరా?"

"బడిలనే ఉన్నది. ఎగ్జిబిషన్ ఇంక నడుస్తున్నది."

"ఆదివారం గూడనా?"

"మస్తు జనం వస్తున్రు."

"దాన్ని చూసి ఏమంటున్రు?"

"ఏమంటరు, నోర్లు తెరుస్తున్రు."

వాడి మొహం వెలిగింది. నా మొహం వాడికి కనపడదు కాబట్టి సరిపోయింది. ఈ వాక్యం రాశాక చదివితే నాకే నచ్చలేదు.

వచ్చే ఆదివారం లోపల ఆవ్రో తెచ్చి ఆ ఒళ్ళో పెట్టాలి. అంతే. ఏడు రోజులు. వాళ్ళు చేసింది దొంగతనం కూడా కాదు, శాలువా కప్పి చేసిన పని.

అసలు ఆవ్రో ఎందుకంటే. ఎనభై నాలుగులో, పదో తరగతి పరీక్షలు ముందు పెట్టుకుని, ఆదివారాలు మేమిద్దరం ఎర్ర బస్సు ఎక్కి పట్నం పోయేవాళ్ళం. అక్కణ్ణుంచి ఇంకో బస్సులో బేగంపేట. రసూల్‌పుర పక్క గోడ దగ్గర, ఒకడి భుజాల మీద ఒకడు. పైనున్నవాడు తోక మీద అక్షరాలు చదవాలి, కిందున్నవాడు నోట్‌బుక్కులో రాయాలి. నేను తేలిక, ఎప్పుడూ పైన. ఇంగ్లీషు వాడికి రాదు, చదివింది నేను, రాసింది వాడు. అందుకే ఆ నోట్‌బుక్కులో సగం విమానాలు ఈ లోకంలో లేనివి.

ఒకసారి ఒక జవాను పట్టుకున్నాడు. "క్యా లిఖ్‌రే?" అన్నాడు. పరశురాం వణుక్కుంటూ నోట్‌బుక్కు చూపించాడు. ఆయన రెండు పేజీలు తిప్పి, "యే వాలా తో కల్ ఆయా థా" అని, నిన్న వచ్చినదాని దగ్గర ఒక తప్పు దిద్ది ఇచ్చి వెళ్ళిపోయాడు. అంత మర్యాద నాకు ఆ తర్వాత ఏ ఆఫీసులోనూ దొరకలేదు.

అన్నిట్లో వాడికి ఆవ్రో ఇష్టం. రెండు పంకాలది. కాన్పూర్‌లో చేసినది. "మనోళ్ళు చేసిన్రురా" అనేవాడు, కాన్పూర్ మా పక్క ఊరైనట్టు. ఎనభై ఎనిమిదిలో మా ఇంటికి దర్వాజ చేసింది వాడూ, వాళ్ళ బాపూ. మిగిలిన టేకు ముక్కతో, దర్వాజ ఎత్తిన రోజు నాకు ఆవ్రో చేసి తెచ్చాడు. సైకిలు పుల్ల మీద పంకాలు తిరుగుతాయి. తోకకు ట్రాక్టర్ ట్రాలీ రంగు. ఎడమ రెక్క దగ్గరికి వచ్చేసరికి కట్టె సరిపోలేదు. వేలెడంత పొట్టి. ఇప్పటికీ దాన్ని తడిమినప్పుడల్లా ఆ రెక్క చివర ఒక క్షణం ఆగుతాడు, నాలుకతో పోయిన పన్ను చోటు వెతికినట్టు.

నా నలభై రెండింటిలో మొదటిది అదే. మిగిలిన నలభై ఒకటీ దానికి తోడు కోసం తెచ్చినవే.

3 మార్చి, సోమవారం

మహేశ్వర్ సారు దగ్గరికి వెళ్ళాను. కోపంగా వెళ్ళాను. లోపలికి పోగానే చాయ్ తెప్పించాడు. ఈ చాయ్‌ల సంగతి మొదటి పేజీలోనే రాశాను.

"అన్నా, ఆ టైముకు నా ప్రాణం పోయినట్టయింది. నువ్వు ఆదుకున్నవ్" అన్నాడు.

"ఆదుకున్నది సరే సార్, అది నాకు తిరిగి కావాలె."

"సన్మానంల ఇచ్చింది మళ్ళ అడిగితే ఏం మర్యాద అన్నా? శాలువా గూడ గుంజుకరమ్మంటవా?"

"శాలువా మీది. విమానం నాది."

"దాని మీద నీ పేరు రాసుకోవాల్సి ఉండె."

ముప్పై ఏడేళ్ళు నా ఇంట్లో ఉన్న వస్తువు మీద నా పేరు రాసుకోవాలట. రేపటి నుంచి సునంద మీద కూడా రాయించుకుంటాను.

చివరికి ఆయన బీరువా తెరిచి ఒక అట్టపెట్టె నా చేతిలో పెట్టాడు. ఆ రోజు బస్సులో చిక్కుకున్న గాజు మెమెంటో సాయంత్రం చేరిందట. "బడిల పెట్టుకుంటే బాగుండది, నువ్వు తీస్కపో అన్నా, ఒకటికి ఒకటి." ఇంటికొచ్చి విప్పి చూశాను. గాజు మీద బంగారు అక్షరాలతో 'శ్రీ రఘునందన్ గారికి సాదర సన్మానం' అని ఉంది.

నా ఇంట్లో నాకు ఒకటికి ఒకటి.

4 మార్చి, మంగళవారం

సునంద శ్రీ రఘునందన్ గారిని మామిడికాయ కారం జాడీ మూత మీద బరువుగా పెట్టింది.

9 మార్చి, ఆదివారం

వారమంతా రఘునందన్ ఫోన్ ఎత్తలేదు. ఆఫీసులో ఎత్తిన ఆడపిల్ల ప్రతిసారీ "సార్, ఎన్ని గజాలది చూస్తున్రు?" అని అడిగింది. విమానం అని చెప్తే, "అవ్ సార్, ఎయిర్‌పోర్టుకు ఇర్వై నిమిషాలే" అంది.

ఈరోజు పరశురాం చేయి చాపాడు. నేను ముందే ఆలోచించి పెట్టుకున్నాను. నా దగ్గర ఒక ఏటీఆర్ ఉంది. దానికీ రెండు పంకాలే. ఇంచుమించు అంతే పొడవు. లోహంది. అది వాడి ఒళ్ళో పెట్టాను.

వాడు రెండు చేతులతో పట్టుకున్నాడు. ముక్కు తడిమాడు. ఒక పంకా తిప్పాడు.

"సల్లగున్నదేందిరా?"

"ఎగ్జిబిషన్ల ఏసీ పెట్టిన్రు."

"బడిల ఏసీనా?"

"ముఖ్య అతిథి వచ్చిండు కదా, కిరాయికి తెచ్చిన్రు."

"ఓ" అన్నాడు. తర్వాత ఎడమ రెక్క మీద చేయి చివరిదాకా పోనిచ్చాడు. ఆకాశంలో ఒక పెద్దది పోయింది. పేరు చెప్పలేదు. అడిగితే "గాలికి ఇనపడలేదు" అన్నాడు.

నమ్మాడు. నాకు ఏసీ భలే తోచింది.

16 మార్చి, ఆదివారం

పరశురాం కోడలు కరుణ ఫోన్ చేసింది. "చిన్నమామా, ఇయ్యాల రావద్దట నువ్వు. మామ మోకాళ్ళ నొప్పి అంటున్నడు."

మంచిదైంది, నాకు ఇంకో వారం దొరికింది.

సాయంత్రం ఒక్కణ్ణే డాబా మీద కూర్చున్నాను. ఎదురు కుర్చీ ఖాళీ. ఏటీఆర్ దాని మీద పెట్టి చూశాను. సునంద బట్టలు తీయడానికి పైకొచ్చింది.

"ఇగో, మోకాళ్ళ నొప్పికి బండి మీద కూసోనీకి ఏం అడ్డం? నీ బండి మీద మోకాళ్ళతోని తొక్కుతడా ఆయన?"

ఇలాంటి ప్రశ్నలు ఆడవాళ్ళకు ఎట్లా తోస్తాయో.

18 మార్చి, మంగళవారం

కారం జాడీ మీద నుంచి శ్రీ రఘునందన్ గారిని దించి, తుడిచి, అట్టపెట్టెలో పెట్టుకుని కొంగరకలాన్ పోయాను. చిన్నప్పుడు ఆ దారిలో జొన్న చేను ఉండేది. ఇప్పుడు తెల్ల రాళ్ళు పాతారు, ఒక్కో రాయికి ఒక్కో నంబరు. బోర్డు మీద విమానం బొమ్మ కూడా వేశారు, నాలుగు ఇంజిన్లది, రెండు రెక్కలూ ఒకే పక్క ఉన్నాయి. వేసినవాడిని మా పరశురాం చేతికి ఇవ్వాలి.

ఆఫీసులో రఘునందన్ ఉన్నాడు. నిజం చెప్పాలంటే చెడ్డ మనిషి కాదు, అదే ఇంకా చిరాకు. గాజు మెమెంటో చేతికి ఇవ్వగానే పేరు రెండుసార్లు చదువుకున్నాడు.

"అరె, నాదే! అన్నా, దీనికోసం ఇంత దూరం వచ్చినవా?"

"మీది మీకు తెచ్చిన. నాది నాకు ఇయ్యిరి."

"నీదేంది?"

"ఆ రోజు బడిల ఇచ్చిన్రే, కట్టె విమానం."

ఆయన వెనక అద్దాల అల్మారా ఉంది. నిండా మెమెంటోలు. గాజువి, ఇత్తడివి, ఒకటి ఏనుగుది. కింది అరలో శాలువాలు ఇస్త్రీ చేసినట్టు మడతలు. ఆవ్రో లేదు.

"అయ్యో అన్నా, అది పోయెనే! పది రోజులాయె. బడంగ్‌పేట్ల ఒక కాలనీ సంఘం ఫంక్షన్ చేసిన్రు, ఊడ్చే ఆమె పని మానుకుంటున్నదని. నన్నే పెద్ద మనిషిగ పిలిచిన్రు. ఏదన్న ఇయ్యాలె కదా. ఈ అల్మారల ఏది తీసినా నా పేరే ఉన్నది. నా పేరున్నది ఇంకొకరికి ఎట్ల ఇస్త? అదొక్కటే పేరు లేకుంట ఉండె."

పేరు ఉంటే మిగిలేదట. మహేశ్వర్ సారు మాటే. ఇద్దరూ నాకు చెప్పకుండా మాట్లాడుకున్నట్టుంది.

లేవబోతే, "వచ్చినోన్ని ఉత్త చేతులతోని పంపుతనా" అని కింది అర నుంచి ఒక శాలువా తీసి కప్పాడు. ఆఫీసులో ఉన్న నలుగురూ చప్పట్లు కొట్టారు. శాలువాకు ఇంకా పాత దండ పూల రెక్క ఒకటి అంటుకుని ఉంది. ఈ శాలువా నా కంటే ఎక్కువ స్టేజీలు చూసింది.

22 మార్చి, శనివారం

బడంగ్‌పేట్‌లో మూడు కాలనీలు తిరిగితే నాలుగోది దొరికింది. సంఘం సెక్రటరీ గేటు లోపల నుంచే మాట్లాడాడు. ఊడ్చే ఆమె పేరు సుగుణమ్మ, ఉండేది మీర్‌పేట్‌లో. "ఆమెకేంది సార్, ఫారిన్ విమానం దొరికింది" అన్నాడు.

రేపు ఆదివారం. పోతే ఏం చెప్పాలి. పరశురాం దగ్గరికి పోవాలా, మీర్‌పేట్ పోవాలా.

23 మార్చి, ఆదివారం

ఎక్కడికీ పోలేదు. కోపం ఎక్కించుకుందామని మొదటి పేజీ నుంచి చదివాను. చదివితే ఎక్కాల్సింది పోయి వేరే పక్కకు తిరిగింది. ఒకటో తారీఖు రాసింది అబద్ధం. నా డైరీ, నేను తప్ప చదివేవాడు లేడు, అయినా అబద్ధం రాశాను. ఎవరిని మోసం చేద్దామనో.

చప్పట్లు కొట్టాను. ముందు నేనే మొదలుపెట్టానేమో కూడా.

ఇంకా ఉంది. ఆ రోజు నేను కింద లేను. స్టేజీ మీద, మూడో కుర్చీలో ఉన్నాను. ఆ బడిలో నేను స్టేజీ ఎక్కింది అదే మొదటిసారి. ఇదివరకు ఎక్కించింది బెంచీ మాత్రమే. మహేశ్వర్ సారు చెవిలో, "అన్నా, మెమెంటో రాలే. నీయి ఒకటి ఇద్దామా?" అని అడిగాడు. "ఏదో ఒకటి తీస్కోన్రి సార్" అన్నాను. చివర బెంచీ మీద ప్లాస్టిక్‌వి నాలుగున్నాయి, వాటిలో ఒకటి తెస్తారనుకున్నాను. ఆ టీచరు ఆవ్రోను ఎత్తడం చూశాను. బెంచీ నుంచి స్టేజీకి ఇరవై అడుగులు. ఇరవై అడుగుల దూరంలో ఒక్కసారి "అది కాదు" అంటే సరిపోయేది. సరిగ్గా అప్పుడు మైకులో, "ఈ అమూల్యమైన జ్ఞాపిక దాత శ్రీ ఐలేష్ గారు" అన్నారు. శ్రీ. గారు. దాత. మూడూ ఒకేసారి వచ్చి పడ్డాయి. నేను లేచి చేతులు జోడించాను.

మోటారు కాలిపోతే వాసన వస్తుంది. మనిషికి రాదు.

26 మార్చి, బుధవారం

మీర్‌పేట్ పోయాను. నిజం చెప్పి, దండం పెట్టి, బదులుగా జంబో జెట్ ఇచ్చి ఆవ్రో తెచ్చుకోవాలని. జంబో సంచిలో ఉంది. అది పెద్దది, తెల్లగా మెరుస్తుంది, ఎవరికైనా నచ్చుతుంది.

సుగుణమ్మది ఒక్క గది. అరవై దాటి ఉంటాయి. వాకిలి ముందు ఒక్క ఆకు లేదు. టీవీ పక్కన చెక్క పీట మీద ఆవ్రో, దుమ్ము పడకుండా ప్లాస్టిక్ కవర్ తొడిగి ఉంది. ముక్కు మీద కుంకుమ బొట్టు. ఆ ఫోటో తర్వాత మొదటిసారి దాన్ని ఎవరో తలపైకి పెట్టి నిలబెట్టారు అనిపించింది.

"ఎవరు సారూ?"

"ఆ విమానం గురించి వచ్చినక్కా."

ఆమె నాకూ, టీవీకీ మధ్య వచ్చి నిలబడింది. మెల్లగానే వచ్చింది, కానీ నిలబడింది.

"నాకే ఇచ్చిన్రు సారూ. నేను గూడ అడిగిన, నాకేనా అని. ఇర్వై రెండేండ్లు ఊడ్చిన ఆ కాలనీని. చీరలిచ్చిన్రు, కట్టిడిసినయి. అన్నం పెట్టిన్రు, రాత్రి మిగిలింది. ఏయ్ అని పిలిచిన్రు, సుగుణా అని పిలిచిన్రు. ఆ రోజు మైకుల సుగుణమ్మ గారు అన్నరు. నేను ఎనకకు తిరిగి చూసిన, ఇంకెవరన్న ఉన్నరేమో అని. సుగుణమ్మ గారికి విమానం అన్నరు. మల్ల తీస్కపోనీకి వచ్చినవా?"

సంచిలో జంబో ముక్కు నా పొట్టకు గుచ్చుకుంటోంది.

"లేదక్కా. సర్వీసింగ్‌కు వచ్చిన."

షాపు సంచి కాబట్టి అందులో మిషన్ ఆయిలు ఉంది. ఆమె కవర్ తీసింది. కుంకుమ పడి కుడి పంకా బిగుసుకుంది. గుడ్డతో తుడిచి, రెండిటికీ చెరో చుక్క ఆయిలు వేసి, తిప్పి చూపించాను. ఆమె కూడా ఒకసారి తిప్పింది. బొట్టు తుడవలేదు. కవర్ తొడిగి, తలుపు దాటి, బండి స్టార్ట్ చేసి వచ్చేశాను.

నా విమానానికి నేనే సర్వీసింగ్ చేసి వచ్చాను. చాయ్ కూడా ఇచ్చింది. బాగుంది. నాకు మండిపోతోంది.

30 మార్చి, ఆదివారం, ఉగాది

పొద్దున పంచాంగంలో చూశాను. మా రాశికి రాజపూజ్యం ఒకటి, అవమానం ఏడు. ఫిబ్రవరి నుంచే అమలు చేశారు.

మూడింటికి పరశురాం ఇంటికి వెళ్ళాను. కరుణ తలుపు తీసి, "లోపలనే ఉన్నడు, మాట్లాడుతడో లేదో" అంది. వాడు గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. కళ్ళు లేనివాడు మొహం తిప్పుకుంటే ఎంత గట్టిగా తగులుతుందో ఈరోజు తెలిసింది.

నిలబడే అన్నీ చెప్పాను. స్టేజీ, మూడో కుర్చీ, ఇరవై అడుగులు, దాత, చప్పట్లు, రఘునందన్, సుగుణమ్మ, ఆయిలు. ఒక్కటీ మింగలేదు.

"అయిపోయిందా?" అన్నాడు.

"అయిపోయింది."

"ఇయ్యి, పారెయ్యి, పోగొట్టు. కట్టె నీ ఇంటిదే. నాలుగు తిట్లు తిట్టి ఊకుందును. ఇనుప ముక్క తెచ్చి నా ఒళ్ళ పెట్టి, ఏసీల పెట్టిన్రు అంటివి. కండ్లు పోయినయిరా నాకు. వేళ్ళు పోయినయా? ఆ రెక్క సక్కగున్నది! నేను చేసింది సక్కగ ఎన్నడున్నది?"

"తప్పయింది."

"మూడు వారాలాయె, నువ్వు ఎప్పుడు చెప్తవో అని కూసున్న. ఏసీనట. బడిల ఏసీనట!" అని కాసేపు అదే అన్నాడు. నాకు నవ్వు వచ్చింది. నవ్వితే చెప్పు తీసుకునేవాడు, చెప్పు ఎక్కడుందో తడుముకోవాలి కాబట్టి నాకు టైము దొరికేది. నవ్వలేదు.

తర్వాత లేచి నిలబడ్డాడు.

"తీస్కపో నన్ను."

"ఎందుకురా? ఆమెను అడుగుతవా?"

"నా చేతి పని నేను చూసుకోవద్దా? నువ్వొక్కనివే సర్వీసింగ్ చేస్తవా?"

మీర్‌పేట్ చేరేసరికి నాలుగున్నర. సుగుణమ్మ నన్ను చూసి, "సర్వీసింగ్ సారు, పండుగ నాడు గూడనా?" అంది. ఇద్దరికీ గ్లాసుల్లో ఉగాది పచ్చడి పోసి ఇచ్చింది.

"ఈయన ఎవరు?"

"మా పెద్ద మెకానిక్, అక్కా."

పరశురాం తలుపు దగ్గర ఆగి దర్వాజ తడిమాడు. నేను భయపడ్డాను. ఏమీ అనలేదు. లోపలికొచ్చి కూర్చున్నాడు. ఆమె కవర్ తీసి, "పైలం, కట్టెది" అని ఆవ్రోను తెచ్చి వాడి ఒళ్ళో పెట్టింది. వాడికి కనపడదని ఆమెకు అప్పుడే అర్థమైంది, చేయి పట్టుకుని పీట మీద పెట్టించింది.

ముక్కు. కుంకుమ వేలికి అంటింది. ఎడమ పంకా ఒకసారి. కుడి పంకా ఒకసారి. తర్వాత ఎడమ రెక్క, చివరిదాకా. అక్కడ ఆగాడు. ఈసారి చాలాసేపు ఆగాడు. నేను టీవీ వైపు చూస్తూ కూర్చున్నాను, అది ఆన్ చేసి లేదు.

"ఫారిన్‌దట" అంది సుగుణమ్మ. "రఘునందన్ సారు మైకులనే చెప్పిండు."

పరశురాం మొహం ఎత్తాడు. మా ఇద్దరి మొత్తం జీవితంలో వాడికి రావాల్సిన కోపమంతా అప్పుడు రావాలి. కాన్పూర్, ట్రాలీ రంగు, సైకిలు పుల్ల, మా దర్వాజ, అన్నీ ఆ మొహం మీదికి వచ్చాయి. నోరు తెరిచాడు. ఆమె ఎదురుగా నిలబడి ఉంది, రెండు చేతులూ కొంచెం ముందుకు చాపి, పడితే పట్టుకుందామని.

"ఫారినోళ్ళేనా?" అన్నాడు. "అయితే గీ ఎడమ రెక్క ఎందుకు పొట్టిగ చేసిన్రు? కట్టె సరిపోలేనట్టున్నది వాళ్ళకు."

ఆమెకు కోపం వచ్చింది. నిజంగానే వచ్చింది.

"నా విమానంకు పేర్లు పెట్టకు మెకానిక్ సారూ. పొట్టిదైతే ఏంది? గట్లనే ఎగురుతది అది."

పరశురాం పంకా తిప్పాడు. అది చాలాసేపు తిరిగింది, నేను వేసిన ఆయిలుకు.

"ఎగురుతదక్కా" అన్నాడు. "ఎందుకెగురది."

మళ్ళీ ఎప్పుడొస్తారని ఆమె అడిగితే నేను నోరు తెరిచేలోపు వాడే, "నెలకోసారి రావాలె. విమానమంటే మాటలా" అన్నాడు. వచ్చేటప్పుడు నా సంచిలోంచి రఘునందన్ శాలువా తీసి ఆమెకు ఇచ్చాను. మడత పెట్టేస్తూ, "ఇసొంటివి ఇంట్ల మూడున్నయి" అంది.

తిరిగి బయల్దేరాం. తుర్కయాంజాల్ దాటాక మా నెత్తి మీద నుంచి ఒకటి పోయింది. నేను బండి ఆపాను.

"ఏటీఆర్" అన్నాడు. "సల్లటిది."

ఫోన్లో చూశాను. ఏటీఆరే.

ఇబ్రహీంపట్నం దగ్గరికొస్తుంటే వెనక నుంచి నా చెవి దగ్గర అడిగాడు. "అరేయ్, మీ ఇంట్ల ఆ టేకు ఇంక ఉన్నదా?"

"ఏ టేకు?"

"దర్వాజ చేసింది."

"ఉన్నది. ఇంటికి ఉన్నది."

"ముందరి దర్వాజ ఎత్తు మరీ ఎక్కువ పెట్టిండు మా బాపు. నేనప్పుడే అన్న. పైన ఒక జానెడు తీసినా ఇల్లు కూలదు."

"నీకు కండ్లు లెవ్వుర."

"రెక్క పొట్టి చేసిన్నాడు ఉండెనా ఏంది?"

ఇంటికి చేరాం. నేను బండి స్టాండు వేసేలోపల వాడు ఒక్కడే గోడ పట్టుకుని మెట్లెక్కాడు. లోపలికి పోలేదు. దర్వాజ దగ్గర నిలబడి, చేయి పైకి చాపి, వేళ్ళ కణుపులతో ఒక్కోచోట తట్టి వింటున్నాడు.

వంటింట్లోంచి సునంద గొంతు.

"ఎవరది తలుపు కొట్టేది? తీసే ఉన్నది కదా!"